వంటింటి కిటికీ: నడిబజారు ఇల్లు అమ్మేద్దామా, ఉంచుకుందామా?

ఊరు పెరిగిందంటే మగవాళ్లు సెంటు ధర లెక్కపెడతారు. మనం పాలవాడు ఎంత దూరం వస్తాడో, కరివేపాకు ఎక్కడ దొరుకుతుందో లెక్కపెడతాం. రెండూ లెక్కలే. కానీ ఇల్లు అమ్మేటప్పుడు మొదటి లెక్కే కాగితం మీదికి వస్తుంది, రెండోది వంటింట్లోనే ఉండిపోతుంది. అందుకే ఈ వారం ఆ రెండో లెక్క గురించి మాట్లాడుకుందాం అక్కచెల్లెళ్లూ!

మన పలమనేరునే తీసుకోండి. మద్రాసు, బెంగుళూరు రోడ్డు మీద, సముద్ర మట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న ఊరు. చిత్తూరులో చెమటలు కక్కుకుని మొగిలి ఘాటు ఎక్కి వచ్చేసరికి ప్రాణం లేచి వస్తుంది. చుట్టూ మల్బరీ తోటలు, టమాటా మళ్లు, కుమ్మరుల మట్టిబొమ్మలు, అడవిలో కౌండిన్య ఏనుగులు. ఒక పక్క కర్ణాటక, ఒక పక్క తమిళనాడు. బజారులో ఒక గంట నిలబడితే తెలుగు, కన్నడం, అరవం, ఉర్దూ నాలుగూ చెవిన పడతాయి. 2011 జనాభా లెక్కల్లో 54 వేల చిల్లర మంది ఉన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రెవెన్యూ డివిజన్ కూడా అయింది. రైలు మాత్రం ఇప్పటికీ లేదు. బస్సే దిక్కు.

ఇలాంటి ఊరు పెరిగితే ఏమవుతుంది? బైపాస్ వైపు లేఔట్లు పడతాయి. పాత బజారులో ముందు గది అంగడవుతుంది, తర్వాత ఇల్లంతా గోడౌన్ అవుతుంది, ఆ తర్వాత పడగొట్టి మూడంతస్తుల కాంప్లెక్స్ లేస్తుంది. కాపురముండే వాళ్లు తగ్గిపోతారు. "ఇంకా ఈ సందులో ఎంతకాలం, అమ్మేసి అక్కడ కట్టుకుందాం" అనే మాట ప్రతి ఇంట్లోనూ అన్నం దగ్గర వినిపిస్తోంది. మరి ఆ ఇళ్లల్లోని ఆడవాళ్లు ఏమంటున్నారు? గుడి దగ్గర, బస్సులో, కూరగాయల బుట్టల దగ్గర చెవిన పడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు చెబుతాను. తీర్పు మీరు చెప్పండి.

బజారు వీధికే కోడలుగా వచ్చి ఇప్పుడు మనవరాళ్లను ఎత్తిన ఒక పెద్దమ్మ మాట ఇది: "నాకేం తక్కువమ్మా ఈడ? ఉప్పు అయిపోతే గడప దిగితే ఉప్పు. తలనొప్పి వస్తే నాలుగు అడుగుల్లో మాత్ర. పొద్దున్నే అరుగు మీద కూర్చుంటే ఊరంతా పలకరించి పోతాది. ఆ లేఔట్లో ఎవరుండారు? గోడలు చూస్తా కూర్చోవాల్నా?"

ఆ ఇంటి కోడలి మాట వేరు. "అత్తకేం, అరుగు మీద కూర్చుంటాది. నీళ్లు పట్టేది నేను, దుమ్ము తుడిచేది నేను. పొద్దుట తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ అంగుళం దుమ్ము. రాత్రి పదకొండు దాకా హారన్లు. పిల్లోడికి పరీక్షలు. పండగ వస్తే మన గడప ముందర ఎవరో బండి పెట్టేస్తారు, ముగ్గు వేసేదానికి జాగా ఉండదు!" ఇద్దరూ ఒకే గడప లోపల ఉన్నారు, ఇద్దరి మాటా నిజమే. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో దాన్ని బట్టి బజారు తియ్యగానో చేదుగానో ఉంటుంది.

మూడేళ్ల కిందట బైపాస్ దగ్గరికి మారిన ఒక చెల్లెలు చెప్పింది: "ఇల్లు బాగుందక్కా. గాలి, వెలుతురు, మాడ్యులర్ కిచెన్, అన్నీ ఉన్నాయి. కానీ కొత్తిమీర కట్ట కావాలన్నా ఆయన స్కూటర్ తియ్యాల. ఆయన రాత్రి ఎనిమిదికి వస్తారు. నేనేమో పగలంతా సీరియల్‌తో మాట్లాడుకోవాల." నవ్వుతూనే చెప్పింది కానీ ఆ నవ్వు ఆఖరుకి కొంచెం సన్నబడింది. బజారులో ఉన్నప్పుడు ఇంట్లోనే జాకెట్లు కుట్టి నెలకు ఎంతో కొంత చేతిలో చూసుకునేదట. దారిన పోయేవాళ్లే గిరాకీ. లేఔట్లో దారిన పోయేవాళ్లు ఎవరు? మిషను ఇప్పుడు మంచం పక్కన బట్టలు పెట్టుకునే బల్ల అయింది. ఇల్లు మారినప్పుడు ఆ ఇంటి ఆస్తి పెరిగింది, ఆ ఇల్లాలి సంపాదన పోయింది. ఈ రెండో సంగతి ఏ రిజిస్ట్రేషన్ కాగితంలోనూ రాయరు కదా!

ఇంకో మాట కూడా చెప్పాలి. సంతకు వచ్చి కూరలు అమ్ముకునే ఒక అమ్మ అన్నది: "పొద్దున ఐదింటికి బస్సెక్కినానంటే మధ్యాహ్నం రెండు దాకా నీళ్లు తాగను మే. తాగితే యాడికి పోవాల?" ఈ ఒక్క మాట చాలు, నడిబజారులో మన సంగతి ఏమిటో తెలియడానికి. అంగళ్లు పెరిగాయి, బోర్డులు పెరిగాయి, సెల్‌ఫోన్ దుకాణాలు గజానికి ఒకటి వచ్చాయి. ఆడవాళ్లు ధైర్యంగా వెళ్లగలిగిన శుభ్రమైన మరుగుదొడ్డి ఎన్ని చోట్ల ఉంది? బజారుకు పోయే రోజు నీళ్లు తక్కువ తాగే అలవాటు మనలో చాలామందికి ఉంది. మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షను, రాళ్లు అని తర్వాత డాక్టరు దగ్గరికి పరిగెత్తేదీ మనమే. ఎండాకాలంలో ఇది మరీ ప్రమాదం.

ఎండ అనుకున్నాం కాబట్టి కాసేపు దూరదేశాలకు వెళ్లొద్దాం. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఎడారి ఊళ్లలోనే కాపురాలు ఉంటున్నారు కదా.

అమెరికాలో ఫీనిక్స్ అని ఒక ఊరుంది. నిజమైన ఎడారి. ఏడాదికి ఎనిమిది అంగుళాల లోపే వాన. అయినా 2020 లెక్కల్లో 16 లక్షల జనాభా. కొలరాడో నది నుంచి ఐదు వందల కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వి నీళ్లు తెచ్చుకున్నారు. ఊరు నాలుగు దిక్కులా పాకింది. అందరూ దూరంగా పెద్ద పెద్ద ఇళ్లు కట్టుకున్నారు. నడిబజారు మాత్రం ఆఫీసులు మూసిన తర్వాత బోసిపోయేది. ఆ తర్వాత వాళ్లే నాలుక కరుచుకుని 2006లో నడిఊళ్లో విశ్వవిద్యాలయం క్యాంపస్ పెట్టారు, 2008 డిసెంబరులో రైలు వేశారు, మనుషులను మళ్లీ మధ్యకు పిలుస్తున్నారు. మన తెలుగువాళ్లు ఎక్కువగా చాండ్లర్ వంటి శివార్లలో ఉంటారు. కూతురి పురుడుకని అక్కడికి వెళ్లొచ్చిన ఒక వదినగారు, "ఇల్లు కోటలా ఉంది గానీ, కారు లేకపోతే నేను ఖైదీనే!" అన్నారు. మన బైపాస్ చెల్లెలు చెప్పిందీ అదే కదా? సముద్రాలు దాటినా ఇల్లాలి మాట ఒకటే.

ఆ ఊళ్లో 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు, ఆపైన ఎండ కాసింది. ఆ ఏడాది ఆ ఊరున్న మారికోపా కౌంటీలో వేడికి చనిపోయిన వాళ్లు 645 మంది. అంత డబ్బున్న దేశంలో! సిమెంటు, తారు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతాయి. చెట్టు లేని చోట చల్లదనం రాదు. ఇప్పుడు వాళ్లు నీడ కోసమే ప్రత్యేకంగా ప్రణాళికలు వేసుకుంటున్నారు. మనకేమో నీడ తాతల నాడే వచ్చింది. రోడ్డు వెడల్పు అనగానే ముందు గొడ్డలి పడేది దాని మీదే. పలమనేరుకు చల్లని ఊరని పేరు. ఆ పేరు కొండగాలితో పాటు చెట్ల వల్ల కూడా వచ్చిందే. బజారులో చెట్టు పోతే మనది కూడా పెనం మీద ఊరే అవుతుంది.

ఇంకో ఎడారి ఊరు కువైట్. అది మనకు ఫీనిక్స్ కంటే దగ్గర. రాయలసీమ నుంచి ఎంతమంది ఆడవాళ్లు అక్కడ ఇంటిపనికి వెళ్లారో మీకు తెలుసు. ఆ దేశంలోని మిత్రిబా అనే చోట 2016 జులైలో దాదాపు 54 డిగ్రీలు నమోదైంది. ఆ కువైట్ నగరం నడిబొడ్డున మాలియా, ముర్గాబ్ అని పేటలున్నాయి. శుక్రవారం సెలవు దొరికితే మనవాళ్లు అక్కడికే చేరతారు. ఊరివాళ్లు కనబడతారు, ఊరి కబుర్లు దొరుకుతాయి. వారమంతా నాలుగు గోడల మధ్య పరాయి భాషలో బతికిన మనిషికి ఆ ఒక్క రోజు నడిబజారే పుట్టిల్లు. అందరికీ ఆ సెలవు దొరకదు, అది వేరే బాధ. బజారంటే వట్టి కొనుగోలు కాదని వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

అరుగు మీద కూర్చునే మన పెద్దమ్మకు ఒక అమెరికా జోడీ కూడా ఉంది. జేన్ జేకబ్స్ అని, ముగ్గురు పిల్లల తల్లి, న్యూయార్క్‌లో పాత పేటలో కాపురం. పట్టణాల చదువులో ఆవిడకు డిగ్రీ లేదు. వీధిలో జరిగేదంతా కళ్లారా చూసి 1961లో ఒక పుస్తకం రాసింది. అంగళ్లు, ఇళ్లు కలిసిమెలిసి ఉండి, కిటికీల్లోంచి, గుమ్మాల్లోంచి మనుషుల చూపు పడే వీధే భద్రమైన వీధి అని ఆవిడ వాదన. పెద్ద రోడ్డు కోసం పాత పేటలు పడగొట్టబోతే ఇరుగుపొరుగు వాళ్లతో కలిసి పోరాడి ఆపింది. మన వీధుల్లో ఈ కాపలా పని ఎప్పటినుంచో అరుగులు చేస్తున్నాయి. బడి నుంచి వచ్చే ఆడపిల్లను ఏ ఆకతాయి వెంటపడినా, "ఏం రా, ఎవరింటి పిల్లోడివి?" అని అడగడానికి ఒక ముసలమ్మ ఉండేది. ఇప్పుడు అరుగు కొట్టేసి షట్టరు పెట్టాం, షట్టరు పక్కన కెమెరా పెట్టాం. కెమెరా చూస్తుంది గానీ అడగదు కదా!

అయితే బజారు ఇల్లే స్వర్గం అని నేను చెప్పడం లేదు. కోడలి మాట మర్చిపోకండి. దుమ్ము నిజం, నీళ్ల కష్టం నిజం, పాత మిద్దె వర్షానికి కారేదీ నిజం. నా మాటల్లా ఒకటే. ఇల్లు అమ్మాలా వద్దా అని కూర్చున్నప్పుడు ఆ ఇంట్లో ఎక్కువ గంటలు గడిపే మనిషిని కూడా కూర్చోబెట్టండి. ఆ మనిషి ఎవరో వేరే చెప్పాలా? సంతకం పెట్టే ముందు ఈ కింది సంగతులు ఒక కాగితం మీద రాసి చూసుకోండి.

1. నడక లెక్క: కొత్త చోటు నుంచి బడి, కిరాణా, మందుల అంగడి, గుడి, ఆసుపత్రి, బస్టాపు ఎంత దూరమో మీరే నడిచి చూడండి. బండి మీద వెళ్లి చూస్తే అన్నీ దగ్గరగానే కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి నడవండి.

2. నీళ్ల లెక్క: బోరు ఎన్ని అడుగులు, వేసవిలో ఎన్నాళ్లు వస్తుంది అని లేఔట్ అమ్మేవాళ్లను కాదు, అక్కడ ఇప్పటికే కాపురమున్న ఇల్లాలిని అడగండి. శ్రీశైలం నుంచి ఎత్తిపోసే హంద్రీ-నీవా కృష్ణా నీళ్లు 2025 ఆగస్టులో కుప్పం దాకా వచ్చాయి. సంతోషమే. కానీ కాలువలో నీళ్లు వేరు, మన కుళాయిలో నీళ్లు వేరు. కుళాయి తిప్పి చూసి నమ్మండి.

3. సంపాదన లెక్క: కుట్టు, పిండిమర, అప్పడాలు, ట్యూషన్లు... మీ చేతిలో ఏ చిన్న పని ఉన్నా అది కొత్త చోట సాగుతుందా? సాగకపోతే నెలకు ఎంత పోతుందో ఇంటి ధరతో పాటు లెక్కలో వెయ్యండి.

4. ముసలివాళ్ల లెక్క: అత్తమామలకు పలకరింపు మందు లాంటిది. పెద్ద గది ఇచ్చి ఒంటరిని చేస్తే ఆరోగ్యం ఎక్కడ నిలుస్తుంది? కనీసం వారానికి రెండు రోజులు పాత వీధికి వచ్చిపోయే వీలుందో చూడండి.

5. ఆడబిడ్డల లెక్క: పిత్రార్జితంలో ఆడపిల్లకు కొడుకుతో సమానంగా వాటా ఉందని మన ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే చట్టం సవరించారు. 2005లో దేశమంతటికీ వచ్చింది. పాత బజారు ఇళ్లు చాలావరకు తాతల నాటివి. ఆడబిడ్డకు చెప్పకుండా అమ్మేసి తర్వాత కోర్టు చుట్టూ తిరగడం కంటే, ముందే పిలిచి అన్నం పెట్టి మాట్లాడుకోవడం మేలు. మీరు కూడా ఒక ఇంటి ఆడబిడ్డే కదా!

6. కాగితాల లెక్క: ఐదు వందల చదరపు మీటర్లు దాటినా, ఎనిమిది ప్లాట్లు మించినా లేఔట్ అమ్మేవాళ్లు రెరాలో నమోదు చేసుకోవాలని 2016 చట్టం చెబుతోంది. ఆ నంబరు అడగండి. "అదంతా అయిపోతాది లేమ్మా" అంటే, "అయినాకే వస్తాం లేన్నా" అని చక్కా లేచి రండి. కొత్త ఇల్లు మీ పేర్న గానీ, ఇద్దరి పేర్న గానీ రాయించే మాట కూడా ఆ పూటే ఎత్తండి.

ఇక బజారులోనే ఉండిపోయే వాళ్లం, బజారుకు వచ్చిపోయే వాళ్లం ఏం చెయ్యాలి? "మనవల్ల ఏమవుతుంది" అనే మాట కట్టిపెట్టండి. రోడ్డు పక్క అమ్ముకునే వాళ్ల కోసం 2014లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి పట్టణంలోనూ వీధి వ్యాపారుల కమిటీ ఉండాలి. అందులో కనీసం నూటికి నలభై మంది వ్యాపారులే ఉండాలి, ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. బుట్ట ముందు కూర్చున్న అమ్మకు ఈ సంగతి చెప్పండి. వార్డులో మాట్లాడే అవకాశం వచ్చినప్పుడు కాంప్లెక్సుల గురించి కాక మూడు ముక్కలే అడగండి: ఆడవాళ్లకు నీళ్లుండే, గొళ్లెం పడే మరుగుదొడ్డి, కూర్చోవడానికి నాలుగు బెంచీలు, వాటి మీద నీడ. పొదుపు సంఘం తరఫున పదిమంది సంతకాలతో కాగితం ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. ముద్ర ఉన్న కాగితానికి ఉన్న బలం నోటి మాటకు ఉండదు.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చింది. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. బైరెడ్డిపల్లె నుంచి, పెద్దపంజాణి నుంచి, గంగవరం నుంచి అక్కలు ఇప్పుడు ధైర్యంగా బజారుకు వస్తున్నారు. "మొగుడిని డబ్బులు అడిగే పని లేదు, బజారు చూసినట్టూ అయింది" అని ఒకావిడ బస్సులో పకపకా నవ్వింది. బస్సు మనల్ని బజారు దాకా తెచ్చింది. దిగిన తర్వాత నిలబడటానికి నీడ, వెళ్లడానికి ఒక చోటు లేకపోతే ఆ ప్రయాణం సగమే కదా!

బజారుకు బయలుదేరే ముందు ఒక చిన్న చిట్కా. గ్లాసు పలచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, నలిపిన కరివేపాకు, కొంచెం అల్లం వేసి తాగి వెళ్లండి. సీసాలో నీళ్లు కూడా తీసుకెళ్లండి, తీసుకెళ్లి తాగండి! ఇంటికి వచ్చాక చల్లదనానికి మన కుమ్మరి చేసిన కుండే మేలు. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొబ్బరి పీచుతో లోపల రుద్ది కడిగి వాడండి. సబ్బు మాత్రం తగలనివ్వకండి, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. కింద ఇసుక పరిచి, గాలి తగిలే చోట పెడితే ఫ్రిజ్ నీళ్లు గుర్తే రావు.

మీరు ఏమంటారు? నడిబజారులోనే ఉంటారా, బైపాస్ దాటతారా? మీ ఇంట్లో ఆ నిర్ణయం ఎవరు చేశారు, మిమ్మల్ని అడిగారా? రెండు ముక్కలు రాసి పంపండి. అత్తాకోడళ్లు ఇద్దరూ విడివిడిగా రాస్తే మరీ సంతోషం!